1277 పారిస్ నిషేధం నుంచి కెప్లర్ దాకా: దైవశాస్త్రం సైన్సుకు ఏమి ఇచ్చింది, ఏమి అడ్డుకుంది?

చరిత్ర_చదువరి (శనివారం, ఉదయం 7:10)

అందరికీ నమస్కారం. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. జడత్వం పాఠంలో దాని చరిత్ర కూడా కొంత చెప్పడం నాకు అలవాటు. ఆ చరిత్ర గురించి ఇంటర్నెట్టులో రెండు మాటలు గట్టిగా వినిపిస్తున్నాయి. చర్చి వెయ్యేళ్లపాటు సైన్సు గొంతు నొక్కిందని ఒకటి. క్రైస్తవమే లేకపోతే సైన్సు పుట్టేదే కాదని రెండోది.

ఆశ్చర్యం ఏమిటంటే, ఇరుపక్షాలూ ఒకే సంఘటనను సాక్ష్యంగా చూపిస్తున్నాయి. 1277 మార్చి 7న పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియే 219 ప్రతిపాదనలను నిషేధించాడు. వాటిలో చాలావరకు అరిస్టాటిల్ తత్త్వశాస్త్రం నుంచి వచ్చినవే. మొదటి పక్షానికి ఇది భావస్వేచ్ఛ మీద పడిన దెబ్బ. ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త, చరిత్రకారుడు పియేర్ ద్యుఎమ్ మాత్రం, ఆధునిక విజ్ఞానానికి ఒక పుట్టినతేదీ చెప్పాల్సివస్తే ఈ 1277నే చెబుతానన్నాడు. నిషేధం నుంచి సైన్సు ఎలా పుడుతుంది? మధ్యయుగాల గురించి చదివినవారు వివరంగా రాయండి. మతాల మధ్య పోటీగా మార్చవద్దని మాత్రం మనవి.

పాతపుస్తకాల_మనిషి (శనివారం, ఉదయం 9:35)

మంచి ప్రశ్న వేశారు. కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను.

పన్నెండో శతాబ్దంలో స్పెయిన్‌లోని టోలెడో వంటి ఊళ్లలో అరబ్బీ గ్రంథాలు లాటిన్‌లోకి వచ్చాయి. క్రెమోనాకు చెందిన జెరార్డ్ ఒక్కడే డజన్ల కొద్దీ గ్రంథాలను అనువదించాడు. అలా అరిస్టాటిల్, ఆయనతోపాటు ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్ అనే ముస్లిం తత్త్వవేత్తల వ్యాఖ్యానాలు యూరప్ విద్యాలయాలకు చేరాయి. పారిస్‌లో మొదట భయపడ్డారు. అరిస్టాటిల్ ప్రకృతి గ్రంథాలను బోధించకూడదని 1210లో, మళ్లీ 1215లో ఆజ్ఞలు వెలువడ్డాయి. అవి నిలవలేదు. 1255 నాటికి అవే గ్రంథాలు దైవశాస్త్రం వంటి పై చదువులకు ముందు చదివే ఆర్ట్స్ విభాగంలో తప్పనిసరి పాఠ్యాంశాలయ్యాయి. చర్చి నీడలో నడిచే విశ్వవిద్యాలయంలో, క్రైస్తవుడు కాని ఒక గ్రీకు తత్త్వవేత్త రాసిన భౌతికశాస్త్రాన్ని ప్రతి విద్యార్థీ చదవాల్సిందే. "వెయ్యేళ్లు గొంతు నొక్కారు" అనేవారు ఈ ఒక్క సంగతికైనా జవాబు చెప్పాలి.

గొడవ ఎక్కడ వచ్చిందంటే, అరిస్టాటిల్‌ను అంత ఇష్టంగా చదివిన ఆర్ట్స్ అధ్యాపకులలో కొందరు ఆయన "సాధ్యం కాదు" అన్నవన్నీ నిజంగానే అసాధ్యమని చెప్పసాగారు. లోకం అనాదిగా ఉంది. శూన్యం ఉండజాలదు. మరో ప్రపంచం ఉండే వీలే లేదు. దైవశాస్త్ర విభాగంవారికి ఇది మింగుడుపడలేదు. అరిస్టాటిల్ కుదరదన్నంత మాత్రాన దేవునికి కూడా కుదరదా?

తాంపియే జాబితాలో 34వ అంశం చూడండి. ఆదికారణం (అంటే దేవుడు) అనేక ప్రపంచాలను సృష్టించలేదు అనడం తప్పు. 49వ అంశం: ఆకాశాన్ని దేవుడు తిన్నని గీత వెంట కదిలించలేడు, ఎందుకంటే వెనక శూన్యం మిగులుతుంది అనడం తప్పు. ఆయన శూన్యం ఉందని చెప్పలేదని గమనించండి. దేవుడు తలచుకుంటే ఉండవచ్చు, ఉండజాలదని మీరు చెప్పకూడదు అన్నాడు, అంతే.

ఆ తర్వాత పారిస్‌లోనూ ఆక్స్‌ఫర్డ్‌లోనూ అధ్యాపకులు కొత్త రకం ప్రశ్నలు వేయడం మొదలుపెట్టారు. దేవుడు ఈ లోకం పక్కన ఇంకో లోకాన్ని చేస్తే అక్కడి రాయి ఏ కేంద్రం వైపు పడుతుంది? చంద్రుని కింద ఉన్నదంతా మాయం చేసి శూన్యం మిగిల్చితే, అందులో విడిచిన రాయికి వేగం ఎంత ఉంటుంది? అరిస్టాటిల్ లెక్క ప్రకారం ఇవి అడగకూడని ప్రశ్నలు. 1277 తర్వాత అవి పరీక్షకు తగిన ప్రశ్నలయ్యాయి. ద్యుఎమ్ చూసింది ఇదే. పుట్టినతేదీ అనడం అతిశయోక్తి. విజ్ఞాన చరిత్రకారుడు అలెగ్జాండర్ కొయ్‌రే ఆ వాదనను గట్టిగానే ఖండించాడు. కానీ ద్యుఎమ్ వేలు పెట్టి చూపించిన చోట నిజంగానే ఏదో జరిగింది.

లెక్కల_మాస్టారు (శనివారం, ఉదయం 11:02)

> అడగకూడని ప్రశ్నలు పరీక్షకు తగిన ప్రశ్నలయ్యాయి.

మీ పాండిత్యానికి నమస్కారం. అయినా నేను ఒప్పుకోను. ఆ ఆజ్ఞలో శిక్ష ఏమిటో కూడా రాయండి. ఆ అంశాలను బోధించినవారే కాదు, విన్నవారు కూడా ఏడు రోజుల్లోగా బిషప్ ముందుకో విశ్వవిద్యాలయ చాన్సలర్ ముందుకో వచ్చి చెప్పుకోవాలి. లేకపోతే సంఘం నుంచి వెలి. విన్నందుకు శిక్ష! అటువంటి గదిలో కూర్చుని వేసే ప్రశ్నను స్వేచ్ఛ అనలేము.

రెండో సంగతి. శూన్యంలో రాయి గురించి అంతగా వాదించినవారిలో ఎంతమంది ఆ రాయిని పట్టుకుని కిందకు వదిలి కాలం కొలిచారు? ఊహించడం వేరు, కొలవడం వేరు. నా దృష్టిలో కొలతతోనే సైన్సు మొదలవుతుంది. దానికి ఇంకో మూడు వందల ఏళ్లు పట్టింది.

పాతపుస్తకాల_మనిషి (శనివారం, మధ్యాహ్నం 1:20)

మాస్టారూ, శిక్ష సంగతి మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆ నిషేధం తగిలినవారిలో థామస్ అక్వినాస్ కూడా ఉన్నాడు. ఆయన చనిపోయి సరిగ్గా మూడేళ్లు నిండిన రోజునే ఆజ్ఞ వెలువడింది. ఆయన అభిప్రాయాలకు దగ్గరగా ఉన్న కొన్ని అంశాలు కూడా జాబితాలో పడ్డాయి. 1323లో ఆయనను పునీతుడిగా ప్రకటించారు. పునీతుడి మాటలు నిషేధంలో ఉండటం ఇబ్బంది కాబట్టి 1325లో పారిస్ బిషప్ ఆయనకు సంబంధించినంత వరకు దాన్ని ఎత్తివేశాడు.

మీ రెండో అభ్యంతరానికి జవాబుగా జాన్ బురిడాన్ గురించి చెబుతాను. పద్నాలుగో శతాబ్దం, పారిస్. ఆయన రెండుసార్లు విశ్వవిద్యాలయానికి రెక్టరు. ఆ రోజుల్లో పేరున్నవారు ఆర్ట్స్ విభాగం దాటి దైవశాస్త్రానికి వెళ్లిపోయేవారు. ఈయన జీవితమంతా ఆర్ట్స్ విభాగంలోనే ఉండిపోయాడు.

విసిరిన రాయి చేతిని వదిలాక ఎందుకు ముందుకు పోతుంది? వెనక నుంచి గాలి నెడుతుందని అరిస్టాటిల్ పక్షం. బురిడాన్ కళ్లెదుట ఉన్నవాటితో దీన్ని కొట్టిపారేశాడు. సాన తిరగలిని తిప్పి వదిలితే అది ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది, మరి గాలి ఎక్కడ చేరి నెట్టింది? వెనక కొన కూడా సూదిగా చెక్కిన ఈటె మామూలు ఈటెలాగే పోతుంది, సూది మొనను గాలి ఎలా తోస్తుంది? ఏటికి ఎదురుగా లాగుతున్న పడవను లాగడం ఆపినా కొంతదూరం పోతుంది, పైన నిలబడ్డ నావికుడికి వెనక నుంచి గాలి తగలదు. మీరడిగిన కొలత ఇందులో లేదు, నిజమే. కానీ గమనించడం మాత్రం ఇంతకంటే శ్రద్ధగా ఎలా ఉంటుంది? విసిరినవాడు వస్తువులో ఒక ప్రేరణను నింపుతాడని, పదార్థం ఎక్కువైతే అదీ ఎక్కువని, వేగం పెరిగితే అదీ పెరుగుతుందని, అడ్డు లేకపోతే అది తరగదని ఆయన నిర్ణయం.

దైవశాస్త్రం ఇక్కడ వస్తుంది. గ్రహగోళాలను దేవదూతల వంటి చేతనశక్తులు నిరంతరం తిప్పుతున్నాయని అప్పటి అభిప్రాయం. బైబిలులో అటువంటి శక్తుల ప్రస్తావన లేదు కదా అన్నాడు బురిడాన్. సృష్టి సమయంలో దేవుడే ఆకాశగోళాలకు ఆ ప్రేరణను ఇచ్చి ఉండవచ్చు, అక్కడ అడ్డు లేదు కాబట్టి అవి ఇప్పటికీ తిరుగుతున్నాయి అన్నాడు. ఆకాశానికీ సాన తిరగలికీ ఒకే సూత్రం! వెంటనే, దీన్ని నేను నిశ్చయంగా చెప్పడం లేదు, దైవశాస్త్ర ఆచార్యులు ఏమంటారో వారినే అడుగుతాను అని కూడా రాశాడు. 1272 నుంచి ఆర్ట్స్ అధ్యాపకులు కేవల దైవశాస్త్ర విషయాల జోలికి వెళ్లబోమని ప్రమాణం చేయాల్సి ఉండేది. సృష్టి సిద్ధాంతం ఇచ్చిన ధైర్యం, దైవశాస్త్ర విభాగం పెట్టిన హద్దు, రెండూ ఒకే పేరాలో కనిపిస్తాయి. నేను ఈ కాలాన్ని ఇంతగా ప్రేమించడానికి కారణం ఆ పేరానే.

పాతబస్తీ_పాఠకుడు (శనివారం, మధ్యాహ్నం 2:45)

బురిడాన్ గురించి చక్కగా రాశారు. అయితే ఆ ప్రేరణ కథ పారిస్‌లో మొదలుకాలేదు.

ఆరో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో జాన్ ఫిలోపోనస్ అనే క్రైస్తవుడు ఉండేవాడు. విసిరినవాడి నుంచే వస్తువులోకి శక్తి చేరుతుందని, గాలి నెట్టడం అర్థంలేని మాటని ఆయన అప్పుడే రాశాడు. బరువులో చాలా తేడా ఉన్న రెండు వస్తువులను ఒకే ఎత్తు నుంచి వదిలితే పడే కాలంలో తేడా చాలా స్వల్పమని కూడా రాశాడు. లోకానికి మొదలుందని 529లో ఒక పెద్ద గ్రంథమే రచించాడు. సూర్యచంద్ర నక్షత్రాలు దివ్యమైన ప్రత్యేక పదార్థం కావని, అవీ సృష్టిలో భాగమేనని ఆయన వాదం. ఇది నేరుగా క్రైస్తవ సృష్టి సిద్ధాంతం నుంచి వచ్చిందే, అందులో సందేహం లేదు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే సిద్ధాంతం) గురించి ఆయన చెప్పినదాన్ని మాత్రం చర్చి మతవిరుద్ధమని తేల్చింది. ఆయన పోయిన శతాబ్దం తర్వాత, 680–681 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభలో ఆయన పేరుకు శాపం పెట్టారు.

ఆయన ఆలోచనలు అరబ్బీలో బతికాయి. శూన్యంలో కదిలే వస్తువులో చేరిన మొగ్గు దానంతటది తరగదని ఇబ్న్ సీనా రాశాడు. దేవుని అపరిమిత శక్తి గురించి వాదం కావాలంటే, పారిస్ కంటే ఒకటిన్నర శతాబ్దానికి పైగా ముందే బాగ్దాద్‌లో అల్ గజాలీ, దూదిని కాల్చేది నిప్పు కాదు, దేవుని సంకల్పం అన్నాడు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు గణించే ఉద్యోగి ఇబ్న్ అల్ షాతిర్ చేసిన చంద్రుని నమూనా, తర్వాతి కాలపు కోపర్నికస్ నమూనా గణితపరంగా ఒకటే. అంటే సర్వశక్తిమంతుడైన దేవుడు ఒక్క క్రైస్తవుల దగ్గరే లేడు. అందువల్ల ఆ సిద్ధాంతం ఉంటే చాలు సైన్సు పుడుతుందని చెప్పడం కుదరదు. సిద్ధాంతంతోపాటు ఎవరు, ఏ సంస్థలో, ఏ హక్కుతో చర్చించారన్నది చూడాలి. పారిస్‌కు ఉన్న అసలు బలం విశ్వవిద్యాలయమే అని నా అభిప్రాయం. ప్రతి ఏడూ వందలాది యువకులు అవే ప్రశ్నల మీద వాదించుకునే చోటు అది.

తూరుపు_గాలి (శనివారం, సాయంత్రం 5:15)

నేను విశ్వాసిని, దైవశాస్త్రం చదువుకున్నాను. పాతబస్తీ పాఠకుడు గారు చెప్పినది నాకు సమ్మతమే. "మా మతమే సైన్సును కన్నది" అని మా సంఘాల్లో కొందరు చేసే ప్రసంగాలు నాకు బాధ కలిగిస్తాయి. విశ్వాసానికి ఆ ధ్రువపత్రం అవసరం లేదు, చరిత్రకు ఆ భారం మోయించడం న్యాయమూ కాదు.

అగస్టీన్ ఐదో శతాబ్దం మొదట్లో ఆదికాండము మీద వ్యాఖ్యానం రాస్తూ చేసిన హెచ్చరిక మా వాళ్లకే చదివి వినిపించాలి. భూమి గురించి, ఆకాశం గురించి, నక్షత్రాల గతుల గురించి అవిశ్వాసులకు కూడా నిశ్చయమైన జ్ఞానం ఉంటుంది. క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి ఆ విషయాల్లో అర్థంలేని మాటలు మాట్లాడితే, వినేవారు పునరుత్థానం గురించి మాత్రం ఎందుకు నమ్ముతారు అని ఆయన ఆవేదన. గెలీలియో 1615లో గ్రాండ్ డచెస్ క్రిస్టీనాకు రాసిన లేఖలో ఈ మాటలనే ఎత్తి చూపించాడు.

ఇంకొక పేరు కూడా చెప్పాలి: నికోల్ ఒరేమ్. 1377లో ఫ్రాన్సు రాజు ఐదో చార్లెస్ కోరిక మీద ఫ్రెంచిలో రాసిన గ్రంథంలో, భూమి తన చుట్టూ తాను తిరుగుతుందనే మాటను ఏ అనుభవమూ, ఏ తర్కమూ తోసిపుచ్చలేవని చూపించాడు. వేగంగా పోతున్న ఓడలో ఉన్నవాడు తెరచాప కొయ్య వెంట చేతిని కిందికి జార్చితే అతనికి అది తిన్నని కదలికగానే కనిపిస్తుంది. అలాగే పైకి వేసిన బాణం భూమి కదలికను కూడా పంచుకుంటుంది కాబట్టి వేసినచోటే పడుతుంది. అంతా చెప్పి చివరికి 93వ కీర్తన ఎత్తుకున్నాడు. దేవుడు భూలోకాన్ని కదలకుండా స్థిరపరిచాడు కాబట్టి భూమి కదలదనే నేనూ అనుకుంటున్నాను అని ముగించాడు. తన వాదన వల్ల ఒక ప్రయోజనం ఉందన్నాడు: తర్కంతో విశ్వాసాన్ని పడగొట్టాలని చూసేవారికి, కళ్లెదుటి విషయాన్నే తర్కం తేల్చలేదని చూపించవచ్చట. అదే ఏడాది ఆయన లిజియూ బిషప్ అయ్యాడు. ఆ ముగింపు చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. అంత దూరం నడిచినవాడు అక్కడ ఆగాడు.

చరిత్ర_చదువరి (శనివారం, సాయంత్రం 6:00)

ఒరేమ్ ఓడ గురించి చదవగానే ఆర్యభట గుర్తుకొచ్చాడు. క్రీ.శ. 499 నాటి ఆయన గ్రంథంలో గోళపాదం తొమ్మిదో శ్లోకంలో, నావలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలని వస్తువులు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే లంకలో (భూమధ్యరేఖ మీద ఉందని పాత ఖగోళ గ్రంథాలు భావించిన చోటు) నిలబడ్డవాడికి నక్షత్రాలు పడమరకు పోతున్నట్టు కనిపిస్తాయని ఉంది కదా. రెండింటికీ ఏమైనా సంబంధం ఉందా?

పాతబస్తీ_పాఠకుడు (శనివారం, సాయంత్రం 6:25)

ఒకరి నుంచి ఒకరికి చేరినట్టు ఆధారం లేదు. ఓడ ఎక్కిన ఎవరికైనా తట్టగల పోలిక అది. ఇక్కడ కూడా ఎదురు వాదం వచ్చింది. భూమే తిరుగుతుంటే ఎత్తైనవన్నీ ఎందుకు పడిపోవని 628లో బ్రహ్మగుప్తుడు అడిగాడు. తర్వాతి వ్యాఖ్యాతలు కొందరు భూమి స్థిరంగా ఉండేటట్టు ఆ శ్లోకానికే వేరే అర్థం చెప్పుకున్నారు. అది విడిగా ఎంతో చర్చించదగిన విషయం. ఇక్కడ కలిపితే రెండింటికీ అన్యాయం జరుగుతుంది.

లెక్కల_మాస్టారు (శనివారం, రాత్రి 8:50)

ఇంతసేపు దేవుని సర్వశక్తి వాదం తలుపులు తెరిచిందని విన్నాం. అదే వాదం తలుపు మూసిన రోజు గురించి నేను చెబుతాను.

మఫేయో బార్బెరీని 1623లో ఎనిమిదో అర్బన్ పేరుతో పోపు అయ్యాడు. అంతకుముందు గెలీలియోకు అభిమాని. సముద్రపు ఆటుపోట్లు భూమి కదలికవల్లే వస్తున్నాయని గెలీలియో నమ్మకం. తన గ్రంథానికి అదే అసలు ఆయుధం అనుకున్నాడు. అర్బన్ చెప్పిన సమాధానం ఏమిటో చూడండి. దేవుడు అపరిమిత శక్తిమంతుడు, మనకు తెలియని ఇంకో మార్గంలో కూడా ఆయన ఆటుపోట్లు కలిగించగలడు. కాబట్టి భూమి కదులుతూ తీరాలి అనడం దేవుని చేతులు కట్టేయడమే. ఇది తాంపియే 49వ అంశం కాదా? 1277లో ఈ వాదం అరిస్టాటిల్ "కుదరదు"ను కొట్టింది. 1632లో గెలీలియో "తప్పదు"ను కొట్టింది. ఒకే కత్తి.

గెలీలియో ఆ వాదాన్ని తన సంభాషణ గ్రంథం చివర, అన్ని పేజీల్లోనూ ఓడిపోయిన, అరిస్టాటిల్ పక్షాన వాదించే సింప్లీచియో అనే పాత్ర నోట పెట్టాడు. పోపు కోపానికి అదీ ఒక కారణం. 1633 జూన్ 22న, 69 ఏళ్ల వయసులో, రోమ్‌లోని డొమినికన్ మఠంలో మోకాళ్ల మీద కూర్చుని తన మాట తప్పని చదివాడు. 1642 జనవరిలో చనిపోయేదాకా ఆర్చెత్రిలో గృహనిర్బంధం. ఆటుపోట్ల గురించి ఆయన చెప్పింది పొరపాటే, ఒప్పుకుంటాను. పొరపాటును లెక్కతో సరిదిద్దాలి. మోకాళ్ల మీద కూర్చోబెట్టి కాదు.

తూరుపు_గాలి (శనివారం, రాత్రి 10:05)

మాస్టారూ, చివరి వాక్యానికి నా వైపు నుంచి ఏ అభ్యంతరమూ లేదు.

ఒక్క ప్రశ్న మాత్రం వదలకూడదు. కోపర్నికస్ 1543లో తన గ్రంథాన్ని మూడో పాల్ పోపుకే అంకితం ఇచ్చాడు. 1616 దాకా, అంటే 73 ఏళ్లు, దాన్ని నిషేధించలేదు. ఒరేమ్ ఆ వాదనంతా రాసి బిషప్ అయ్యాడు. మరి ఇక్కడ ఏమి మారింది? మధ్యలో లూథర్, ఆయనతో ప్రొటెస్టెంటు చీలిక వచ్చాయి. లేఖనానికి అర్థం చెప్పే హక్కు ఎవరిది అన్న ప్రశ్న యూరప్‌ను చీల్చింది. 1546లో కాథలిక్ చర్చి ట్రెంట్ సభ, సంఘ పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల) ఏకాభిప్రాయానికి విరుద్ధంగా ఎవరూ సొంతంగా లేఖనాన్ని వ్యాఖ్యానించరాదని శాసించింది. క్రిస్టీనాకు రాసిన లేఖలో గెలీలియో చేసింది సరిగ్గా అదే. చాలా బాగా చేశాడు కూడా. కానీ ఆయన దైవశాస్త్రవేత్త కాదు, కాలమేమో 1615.

కార్డినల్ బెల్లార్మిన్ అదే ఏడు ఏప్రిల్‌లో కోపర్నికస్‌ను సమర్థించిన ఫొస్కరీని అనే సన్యాసికి రాసిన ఉత్తరంలో, సూర్యుడే కేంద్రమనడానికి నిజమైన నిరూపణ ఉంటే లేఖనాలను ఎంతో జాగ్రత్తగా తిరిగి వివరించాల్సి ఉంటుంది, అయితే అటువంటి నిరూపణ నాకెవరూ చూపలేదు అన్నాడు. అప్పటికి అది వాస్తవమే. భూమి కదలిక వల్ల నక్షత్రం స్థానం మారినట్టు కనిపించడాన్ని బెసెల్ కొలిచింది 1838లో. అయినా దీన్ని సాకుగా వాడుకోవడం నాకు నచ్చదు. 1633లో ఆ న్యాయస్థానం తూకం వేసింది నక్షత్రాల కొలతలను కాదు, విధేయతను.

నిశాపతి (ఆదివారం, ఉదయం 6:40)

టెలిస్కోపు పట్టుకునే మనిషిని, దైవశాస్త్రం నాకు తెలియదు. కానీ గెలీలియో తీర్పు తర్వాత 22 ఏళ్లకు, పోపు పాలనలోనే ఉన్న బొలోన్యాలో ఒక చర్చి లోపల ఏమి జరిగిందో చెప్పకుండా ఉండలేను.

ముందు ఈస్టరు సంగతి. వసంత విషువత్తు (మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) తర్వాత వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టరు. కాబట్టి విషువత్తు కచ్చితంగా తెలియాలి. జూలియన్ కాలెండరులో ఏడాది పొడవు కాస్త ఎక్కువ కావడంతో పదహారో శతాబ్దానికి పది రోజుల తేడా వచ్చిపడింది. అందుకే 1582లో అక్టోబరు 4 తర్వాతి రోజును అక్టోబరు 15 చేశారు. ఆరాధనకు ఖగోళశాస్త్రం కావాలి, చర్చి దానికి డబ్బు పెట్టింది.

పెద్ద చర్చి అంటే ఎత్తైన, చీకటిగా ఉండే, కదలని భవనం. పైకప్పులో చిన్న రంధ్రం చేస్తే మిట్టమధ్యాహ్నం సూర్యబింబం నేల మీద పడుతుంది. ఉత్తర దక్షిణాలుగా గీసిన గీత మీద అది వేసవిలో గోడకు దగ్గరగా, చలికాలంలో దూరంగా పడుతుంది. 1655లో జొవాన్నీ కస్సీనీ సాన్ పెత్రోనియో చర్చిలో ఇటువంటి కొత్త గీత గీయించాడు. రంధ్రం సుమారు 27 మీటర్ల ఎత్తులో, గీత పొడవు సుమారు 67 మీటర్లు. స్తంభాలకు తగలకుండా వాటి మధ్య నుంచి సందు చూసి తీశాడు.

ఆ నేల మీద ఆయన చేసిన కొలత నన్ను ఇప్పటికీ ఉప్పొంగిస్తుంది. సూర్యుడు ఏడాదిలో కొంతకాలం వేగంగా, కొంతకాలం నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తాడు. పాత సిద్ధాంతం ప్రకారం సూర్యుని వేగం ఎప్పుడూ సమానమే, దూరం మారడం వల్లే మనకు తేడా కనిపిస్తుంది. కెప్లర్ ప్రకారం తేడాలో సగం మాత్రమే దూరం వల్ల, మిగతా సగం నిజంగా వేగం మారడం వల్ల. ఏది నిజమో ఎలా తేల్చాలి? దూరం మారితే బింబం పరిమాణం మారాలి. పాత సిద్ధాంతం చెప్పినంత మారుతుందా, అందులో సగమేనా? కస్సీనీ ఆ నేల మీద బింబం వ్యాసాన్ని ఏడాది పొడవునా కొలిపించాడు. సగమే మారింది. కెప్లర్ గెలిచాడు, చర్చి నేల మీద!

భూమి తిరుగుతుందని ఇది చెప్పదు. కదిలేది సూర్యుడైనా భూమి అయినా ఈ లెక్క ఒకటే. అందుకే పోపు రాజ్యంలో ఉండి కూడా దీన్ని ప్రకటించుకోగలిగారు. హద్దు ఎక్కడుందో తెలిసిన మనుషులు ఆ హద్దు దాకా వెళ్లి పనిచేశారు.

సన్నజాజి (ఆదివారం, ఉదయం 9:30)

నిశాపతి గారు కెప్లర్ పేరు ఎత్తారు కాబట్టి ఇక ఆగలేను. ఈ చర్చలో ఆయన మొదటే రావాల్సినవాడు.

ఆయన ట్యూబింగెన్‌లో పాదిరీ కావడానికే చేరాడు. 1594లో, చదువు పూర్తికాకుండానే, గ్రాట్స్ ఊరికి లెక్కల ఉపాధ్యాయుడిగా పంపేశారు. బాధపడ్డాడు. మరుసటి ఏడు తన గురువు మెస్ట్లిన్‌కు రాసిన ఉత్తరంలో, దైవశాస్త్రవేత్తను కావాలనుకుని చాలాకాలం కుదురు లేకుండా ఉన్నానని, ఇప్పుడు తన కృషి ద్వారా ఖగోళశాస్త్రంలో కూడా దేవుడు మహిమ పొందుతున్నాడని రాశాడు. ఈ మాట ఆయనకు అలంకారం కాదు. సూర్యుణ్ణి తండ్రికి, నక్షత్రగోళాన్ని కుమారునికి, మధ్యనున్న అంతటినీ పరిశుద్ధాత్మకు ప్రతిరూపాలుగా చూశాడు. తండ్రి స్థానంలో ఉన్నవాడి నుంచే గ్రహాలను కదిలించే శక్తి రావాలి కదా అని ఆలోచించాడు. అప్పటిదాకా ఖగోళశాస్త్రజ్ఞులు గ్రహాలు ఎక్కడుంటాయో గణించారు. సూర్యుని నుంచి వచ్చే ఏ శక్తి వాటిని కదిలిస్తోందని పట్టుదలగా వెతికినవాడు ఈయనే.

తర్వాత అంగారకుడు. 1600లో ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ దగ్గర చేరాడు, 1601లో టైకో చనిపోయాడు. ఆయన పరిశీలనలు కెప్లర్ చేతికి వచ్చాయి. వృత్తాలతోనే ఒక నమూనా కట్టాడు. అది టైకో లెక్కలతో దాదాపు సరిపోయింది. కొన్ని చోట్ల మాత్రం 8 నిమిషాల కోణం తేడా. పున్నమి చంద్రుని వెడల్పులో అది నాలుగో వంతు. అంతకుముందు ఎవరైనా దాన్ని పట్టించుకునేవారు కాదు. 1609లో వచ్చిన గ్రంథంలో కెప్లర్ ఏమన్నాడంటే, దేవుడు తన దయతో మనకు టైకో అంతటి పరిశీలకుణ్ణి ఇచ్చాడు, ఆ వరాన్ని కృతజ్ఞతతో అందుకుని వాడుకోవడం మన విధి అని. ఆ 8 నిమిషాలను కప్పిపుచ్చి ఉంటే పని అక్కడితో అయిపోయేది. కప్పిపుచ్చలేదు కాబట్టే ఖగోళశాస్త్రమంతా మారిపోయింది. వృత్తం పోయి దీర్ఘవృత్తం వచ్చింది.

లెక్కల_మాస్టారు (ఆదివారం, ఉదయం 10:45)

అమ్మా, బాగా రాశారు. కానీ లెక్క చూడండి. త్రిత్వం చిత్రం నిలవలేదు. ఆరు గ్రహాల మధ్య ఐదు సమఘనాలను (అన్ని ముఖాలూ ఒకేలా ఉండే ఘనాకారాలను) అమర్చి దేవుని నమూనా కనుగొన్నానన్నాడు, 1781లో యురేనస్ కనబడి అదీ పోయింది. నిలిచింది ఏమిటి? టైకో కొలతలు, దీర్ఘవృత్తం. దైవశాస్త్రం నుంచి వచ్చింది పోయింది, కొలత నుంచి వచ్చింది నిలిచింది. అటువంటప్పుడు దైవశాస్త్రానికి ఘనత ఎందుకు?

సన్నజాజి (ఆదివారం, ఉదయం 11:30)

మాస్టారూ, ఘనత ఇవ్వమని నేను అడగడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పమంటున్నాను. టైకో కొలతలు కెప్లర్ చేతిలోకి రాకముందు కూడా ఉన్నాయి. టైకోయే వాటితో దీర్ఘవృత్తం కనుక్కోలేదు. 8 నిమిషాలు లెక్కచేయదగ్గవని ఒక మనిషికి ఎందుకు అనిపించింది? దేవుడు లోకాన్ని ఉజ్జాయింపుగా చేయడని ఆయన నమ్మాడు. ఆ నమ్మకమే ఆయనను సమఘనాల దగ్గరికీ తీసుకెళ్లింది, దీర్ఘవృత్తం దగ్గరికీ తీసుకెళ్లింది. ఫలితాలు చూసి ఒకదాన్ని దైవశాస్త్రం ఖాతాలో, మరోదాన్ని కొలత ఖాతాలో రాయడం మనం ఇప్పుడు చేస్తున్న పని. ఆయన మనసులో ఆ రెండు ఖాతాలు లేవు.

పాతపుస్తకాల_మనిషి (ఆదివారం, మధ్యాహ్నం 12:10)

దేవుడు ఎటువంటివాడని నమ్మితే భౌతికశాస్త్రం కూడా అటువైపు వాలుతుంది. 1715లో లైబ్నిట్జ్, న్యూటన్ పక్షాన క్లార్క్ ఉత్తరాల్లో పోట్లాడుకున్నది దీని గురించే. న్యూటన్ చెప్పే దేవుడు లోకమనే తన గడియారానికి అప్పుడప్పుడు కీ ఇచ్చుకోవాల్సి వస్తోందని లైబ్నిట్జ్ ఆక్షేపణ. దేవుడు తన లోకంలో నిరంతరం పాలుపంచుకోవడం లోపం కాదని క్లార్క్ జవాబు. ఇద్దరూ క్రైస్తవులే. దైవశాస్త్రం అని ఏకవచనంలో మాట్లాడటమే మనల్ని తికమక పెడుతోంది.

చరిత్ర_చదువరి (ఆదివారం, మధ్యాహ్నం 3:20)

ఇంత శ్రమపడి రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు ప్రశ్నలు. మధ్యయుగాల్లో భూమి బల్లపరుపుగా ఉందని చర్చి బోధించిందని పాఠ్యపుస్తకాల పక్కన చదివే సహాయక పుస్తకాల్లో కూడా చూశాను. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? రెండోది, కెప్లర్ ప్రొటెస్టెంటు కదా, ఆయనకు గెలీలియోకు వచ్చినటువంటి కష్టాలు రాలేదా?

పాతపుస్తకాల_మనిషి (ఆదివారం, మధ్యాహ్నం 3:55)

మొదటిది తేలిక. పదమూడో శతాబ్దం నుంచి విశ్వవిద్యాలయాల్లో పిల్లలు చదివిన సాక్రోబోస్కో ఖగోళ పాఠ్యపుస్తకం పేరే "గోళం". భూమి గుండ్రంగా ఉందని దానిలో ఆధారాలతో సహా ఉంది. బల్లపరుపు కథను జనంలోకి తెచ్చింది ఎక్కువగా 1828లో వాషింగ్టన్ ఇర్వింగ్ రాసిన కొలంబస్ జీవితకథ. మతానికీ సైన్సుకూ అనాదిగా యుద్ధమేననే చిత్రాన్ని 1874లో డ్రేపర్, 1896లో వైట్ తమ గ్రంథాలతో స్థిరపరిచారు. రెండో ప్రశ్న సన్నజాజి గారికి వదులుతున్నాను.

సన్నజాజి (ఆదివారం, సాయంత్రం 5:40)

రాకపోవడమా! 1596లో వచ్చిన తొలి గ్రంథంలో, కోపర్నికస్ సిద్ధాంతానికీ బైబిలుకూ పొత్తు కుదురుతుందని ఒక అధ్యాయం పెట్టాలనుకున్నాడు. ట్యూబింగెన్ దైవశాస్త్రవేత్తలు వద్దన్నారు, తీసేశాడు. అందులో రాయాల్సిన మాటలు 1609 గ్రంథం ముందుమాటలో వచ్చాయి. సూర్యుణ్ణి ఆగమని యెహోషువ ప్రార్థించినప్పుడు అతనికి కావాల్సింది పగలు పొడిగించడం, ఖగోళ పాఠం కాదు, లేఖనం మనుషుల వాడుక భాషలో మాట్లాడుతుంది అని రాశాడు.

1600లో ప్రొటెస్టెంటు అయినందుకు కాథలిక్ పాలకులు ఆయనను గ్రాట్స్ నుంచి వెళ్లగొట్టారు. 1612లో లింజ్ వెళ్లాడు. అక్కడ సొంత లూథరన్ సంఘమే ప్రభురాత్రి భోజనంలో చేరనివ్వలేదు. క్రీస్తు శరీరం సర్వత్రా ఉంటుందనే సిద్ధాంతానికి మనస్సాక్షి ఒప్పక, లూథరన్ ఒప్పుకోలు పత్రం మీద నిబంధన లేకుండా సంతకం చేయనన్నాడు. అదొక్కటే నేరం. భూమి తిరగడం గురించి కాదు, గమనించండి. 1615 నుంచి 1621 దాకా తల్లి కాథరీనా మీద మంత్రగత్తె అన్న ఆరోపణ నడిచింది. తనే వెళ్లి ఆమె తరఫున వాదించి విడిపించుకున్నాడు.

ట్యూబింగెన్‌లోని దైవశాస్త్ర ఆచార్యుడు హాఫెన్‌రెఫర్‌ను ఆయన మిత్రుడిగానే భావించాడు. నన్ను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వండని ఆయనకు రాశాడు. 1619లో జవాబు వచ్చింది: వీల్లేదని. కోపర్నికస్ ఖగోళశాస్త్రాన్ని వివరిస్తూ కెప్లర్ రాసిన పాఠ్యగ్రంథాన్ని రోమ్ నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చింది కూడా 1619లోనే. గ్రహాల మూడో నియమం అచ్చయిన ఏడు అదే.

లెక్కల_మాస్టారు (ఆదివారం, రాత్రి 7:15)

సన్నజాజి గారూ, ఒక్క సందేహం. సంతకం చేస్తే పోయేదానికి ఆయన ఎందుకు మొండిపట్టు పట్టాడు? లెక్కలు ఆగిపోయేవి కావు కదా.

సన్నజాజి (ఆదివారం, రాత్రి 7:50)

8 నిమిషాలను ఎందుకు వదిలేయలేదో, సంతకం కూడా అందుకే చేయలేదని నా అభిప్రాయం. దాదాపు సరిపోయింది కదా అని సర్దుకోవడం ఆయనకు రెండు చోట్లా చేతకాలేదు. లింజ్ ఉత్తరాల మీద రేపు వేరే చర్చ మొదలుపెడతాను, మీరూ రండి.